రెండు పేర్ల మధ్య
దేవుని ప్రేమలో మనమెవరమో తెలుసుకుంటే మిగతా గుర్తింపులన్నీ వాటంతటవే రాలిపోతాయని క్రైస్తవ యువత గుర్తింపు మీద నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. సగం ఒప్పుకుంటాను. బాప్తిస్మం అప్పుడు యేసు గురించి "ఈయనే నా ప్రియ కుమారుడు" అన్న దేవుని మాట ఆకాశం నుంచి వినపడింది. మత్తయి సువార్తలో అప్పటికి ఆయన ఒక్క అద్భుతమూ చేయలేదు, ఒక్క ప్రసంగమూ చేయలేదు. ఏమీ సాధించకముందే వచ్చిన మాట అది. డిగ్రీలో సబ్జెక్టులు పోయి ఇంట్లో మొహం చూపించలేకపోయినప్పుడు నన్ను నిలబెట్టింది అదే. కానీ రాలిపోవడం అంత సులువా? క్రీస్తులో యూదుడని, గ్రీకువాడని తేడా లేదని గలతీయులకు రాసిన అపొస్తలుడు పౌలే, కొరడాలతో కొట్టబోతుంటే తాను రోమా పౌరుడినని గుర్తుచేసి తప్పించుకున్నాడు (అపొ. కార్యములు 22). మన దగ్గరైతే ఆదివారం చర్చిలో పక్కపక్కనే కూర్చుని బల్ల (ప్రభువు రాత్రి భోజనపు రొట్టె, ద్రాక్షారసం) తీసుకునేవాళ్లే పెళ్లి సంబంధం అనగానే కులం అడుగుతారు. మా అక్క సంబంధం అక్కడే ఆగిపోయింది, రెండు కుటుంబాలదీ ఒకే సంఘం, అంటే ఒకే చర్చి! పైగా ప్రభుత్వ లెక్క వేరు. ఎస్సీ హోదా 1950 ఉత్తర్వులో హిందువులకే అన్నారు, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు, క్రైస్తవులకు లేదు. అందుకే సంఘంలో ఒక పేరు, సర్టిఫికెట్లో ఇంకో పేరు ఉన్న పిల్లలు మనలో ఎందరో. నువ్వు దేవుని బిడ్డవి అని వాళ్లకు చెప్పడం తేలికే. ఏ పేరుతో పిలిస్తే పలకాలన్న టెన్షన్ గురించి మాత్రం యూత్ మీటింగుల్లో ఎవరూ ఎత్తరు. వ్యాసకర్త కూడా ఎత్తలేదు.