ఆర్క్‌టిక్ మంకీస్‌ను మైస్పేస్ పుట్టించలేదు

ఇంగ్లండ్ ఇండీ రాక్ ప్రస్తావన వస్తే చాలు, ఆర్క్‌టిక్ మంకీస్ బ్యాండ్ గురించి ఒక కథ తప్పకుండా వస్తుంది. అది దాదాపు ఇలా ఉంటుంది: "షెఫీల్డ్‌లో నలుగురు కుర్రాళ్లు. మేనేజర్ లేడు, లేబుల్ (రికార్డు కంపెనీ) లేదు. ఇంట్లో రికార్డు చేసుకున్న పాటల్ని మైస్పేస్ అనే సోషల్ మీడియా సైట్‌లో పెట్టారు. ఉచిత డౌన్‌లోడ్ల పుణ్యమా అని రాత్రికి రాత్రే బ్రిటన్‌లో నంబర్ 1 అయ్యారు. నువ్వూ పాట అప్‌లోడ్ చెయ్, మిగతాది ఇంటర్నెట్ చూసుకుంటుంది." కొందరు చివర్లో ఇంకో మాట కూడా చేరుస్తారు: "అలా వచ్చారు కాబట్టే మొదటి ఆల్బమ్‌తో అయిపోయారు" అని. ఇందులో షెఫీల్డ్, నలుగురు కుర్రాళ్లు, నంబర్ 1 అన్నవి మాత్రమే నిజం. మిగతావి ఒక్కొక్కటీ విప్పి చూడాలి. ఎందుకంటే ఈ కథను నమ్మి కొత్తగా బ్యాండ్ పెట్టుకున్న పిల్లలు చేయాల్సిన పని పక్కన పెట్టి వ్యూస్ లెక్కపెట్టుకుంటున్నారు.

"పాటల్ని మైస్పేస్‌లో పెట్టారు"

పెట్టింది వాళ్లు కాదు, అభిమానులు. ఆ పేజీ మొదలుపెట్టింది కూడా అభిమానులే. నంబర్ 1 వచ్చాక వార్తల్లో అందరూ మైస్పేస్ పేరెత్తుతుంటే, ఆ సైట్ ఏమిటో తమకు అసలు తెలియదని బ్యాండ్ సభ్యులు అప్పట్లోనే చెప్పారు.

జరిగిన వరుస ఇదీ. బ్యాండ్ తన డెమోలను (నమూనా రికార్డింగులను) ఖాళీ సీడీల మీదికి కాపీ చేసి కచేరీల్లో ఉచితంగా పంచేది. సీడీలు కొన్నే, కావాలనేవాళ్లు ఎక్కువ. దొరికినవాళ్లు ఇంటికెళ్లి పాటల్ని ఎంపీ3లుగా మార్చి స్నేహితులకు పంపారు. మూడు నిమిషాల లోపు పాట ఎంపీ3గా సుమారు 2.8 ఎంబీ. ఫోన్ లైను మీద నడిచే పాత డయలప్ ఇంటర్నెట్ మీదైతే ఎనిమిది నిమిషాలు, అప్పటి బ్రాడ్‌బ్యాండ్ మీదైతే ముప్పావు నిమిషం. సరిగ్గా ఆ రోజుల్లోనే బ్రిటన్ ఇళ్లలోకి బ్రాడ్‌బ్యాండ్ వస్తోంది. ఆ పాటలన్నీ కలిపి ఒక అభిమాని ‘బినీత్ ది బోర్డ్‌వాక్’ అని పేరు పెట్టాడు. బోర్డ్‌వాక్ అంటే షెఫీల్డ్‌లో కచేరీలు జరిగే హాలు. గాయకుడు అలెక్స్ టర్నర్ అక్కడి బార్‌లో పనిచేసేవాడు. అది బ్యాండ్ విడుదల చేసిన ఆల్బమ్ అని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు.

ఇంటర్నెట్ పాత్ర ఏమీ లేదని అనడం లేదు. షెఫీల్డ్‌లో చేతులు మారిన సీడీని ఊళ్లు దాటించింది అదే. కానీ ఆ సీడీ ముందు హాల్లో ఎవరో ఒకరి చేతికి అందింది. ఆ మొదటి చేతిని కథలోంచి తీసేస్తే మిగిలేది అబద్ధమే.

"ఇంట్లో రికార్డు చేసుకున్నారు, మేనేజర్ కూడా లేడు"

ఈ కథ మొత్తంలో ఎక్కువ అన్యాయం జరిగింది ఇక్కడే. ఆ డెమోలు రికార్డయింది షెఫీల్డ్‌లోని టూఫ్లై స్టూడియోలో, నిర్మాత ఆలన్ స్మిత్ చేతుల మీదుగా. వాళ్లను, తర్వాత వాళ్ల మేనేజర్ అయిన జెఫ్ బారడేల్‌కు పరిచయం చేసిందీ ఆయనే. బారడేల్ అంతకుముందు వైటమిన్ జెడ్ అనే బ్యాండ్‌లో పాడినవాడు, ఆ పరిశ్రమ లోతుపాతులు తెలిసినవాడు. 2003, 2004లలో మూడేసి పాటల చొప్పున డెమోలు రికార్డు చేయించి, స్టూడియో ఖర్చు భరించింది ఆయనా ఆయన సహచరులూ. అంటే ఉచితంగా పంచిన సీడీ వెనక ఎవరో ఒకరు డబ్బు కట్టారు.

మూడేసి పాటల చొప్పున అన్నది గమనించాలి. కొత్త బ్యాండ్లు సాధారణంగా చేసే పొరపాటు పది పాటలు ఒకేసారి రికార్డు చేయడం. డబ్బు మొదటి రోజే అయిపోతుంది, గొంతు అలిసిపోతుంది, ఆరో పాటకొచ్చేసరికి డ్రమ్స్ తడబడతాయి, చివరికి ఏ పాటా నిలబడదు. మూడు పాటలు తీసుకుని, వాటిని జనం ముందు వాయించి, ఎక్కడ కదిలారో ఎక్కడ కబుర్లలో పడ్డారో చూసుకుని, మళ్లీ స్టూడియోకి వెళితే తర్వాతి మూడూ అంతకన్నా గట్టిగా వస్తాయి.

స్టూడియోలో ఇంకో మేలు కూడా జరిగింది. మొదటిసారి టర్నర్ అమెరికన్ యాసలో పాడుతుంటే మందలించానని స్మిత్ తర్వాత చెప్పుకొచ్చారు. ఆ బ్యాండ్ పాటల్ని ఇష్టపడేవాళ్లకు ఇదెంత పెద్ద విషయమో తెలుసు. టాక్సీ క్యూలు, క్లబ్బు గుమ్మం దగ్గర తోసేసే బౌన్సర్లు, శనివారం రాత్రి గొడవలు: ఇవన్నీ షెఫీల్డ్ యాసలో ఉన్నాయి కాబట్టే అవి ఆ ఊరివనిపిస్తాయి. ఎదురుగా కూర్చుని "ఆ గొంతు నీది కాదు" అని చెప్పడం ఏ అప్‌లోడ్ బటనూ చేయలేని పని.

ఆ తర్వాత బారడేల్ వాళ్లను బండిలో ఎక్కించుకుని ఉత్తర ఇంగ్లండ్, మిడ్‌లాండ్స్, స్కాట్లండ్ ఊళ్లన్నీ తిప్పాడు. ప్రతి కచేరీ అయ్యాక సీడీలు పంచారు. మేనేజర్ లేకుండా ఈ పని జరిగేదే కాదు.

"రాత్రికి రాత్రే"

2001 క్రిస్మస్‌కు టర్నర్‌కూ జేమీ కుక్‌కూ గిటార్లు వచ్చాయి. హై గ్రీన్ అనే శివారులో 2002లో బ్యాండ్ కట్టారు. మ్యాట్ హెల్డర్స్ డ్రమ్స్, ఆండీ నికల్సన్ బేస్. మొదటి కచేరీ 2003 జూన్ 13న షెఫీల్డ్‌లోని ది గ్రేప్స్ అనే పబ్‌లో. మొదటి నంబర్ 1 వచ్చింది 2005 అక్టోబర్‌లో. మధ్యలో 28 నెలలు.

"లేబుల్ లేదు"

ఇండీ అనే మాటను అపార్థం చేసుకోవడం వల్ల వచ్చిన తప్పు ఇది. ఇండీ అంటే లేబుల్ లేకపోవడం కాదు. పెద్ద రికార్డు కంపెనీల చేతిలో లేని లేబుల్‌తో పనిచేయడం. 2005 మేలో వాళ్లు బ్యాంగ్ బ్యాంగ్ అనే సొంత లేబుల్ మీద రెండు పాటల రికార్డు వేశారు, నిజమే. సీడీలు 500, ఏడంగుళాల వినైల్ 1,000. అంత తక్కువ వేయడంలో తెలివి ఉంది: అమ్ముడుపోని సరుకు మిగలదు, దొరకనివాళ్లు తర్వాతి దానికోసం కాచుకుంటారు. కానీ నంబర్ 1 దాకా వెళ్లాలంటే అది చాలదు. దేశమంతా దుకాణాల్లోకి ఒకే వారంలో సరుకు దింపాలి. తక్కువ పడితే కొనడానికొచ్చినవాళ్లు ఉత్త చేతులతో వెళ్లిపోతారు, ఆ వారం చార్టులో ఆ అమ్మకం పోయినట్టే.

అందుకే 2005 జూన్‌లో డొమినోతో ఒప్పందం చేసుకున్నారు. లారెన్స్ బెల్ 1993లో స్థాపించిన లండన్ లేబుల్ అది. అప్పటికే ఫ్రాంజ్ ఫెర్డినాండ్ ఆల్బమ్‌తో 2004 మెర్క్యురీ బహుమతి (ఏటా ఒక ఉత్తమ ఆల్బమ్‌కిచ్చేది) గెలిచి, చిన్న లేబుల్ కూడా పెద్ద అమ్మకాన్ని మోయగలదని చూపించింది. ఎందరో వెంటపడుతున్న సమయంలో ఆలోచించి ఎంచుకున్న లేబుల్ అది.

"ఉచిత డౌన్‌లోడ్లతో నంబర్ 1"

ఇది లెక్క తెలియక అనే మాట. అప్పట్లో బ్రిటన్ సింగిల్స్ (విడిగా అమ్మే పాటల) చార్టు లెక్కించింది కొన్న కాపీలను. ఉచితంగా చేతులు మారిన ఫైలు అందులోకి వచ్చేది కాదు. డబ్బు కట్టి చేసుకున్న డౌన్‌లోడ్లను లెక్కలోకి తీసుకోవడం 2005 ఏప్రిల్‌లో మొదలైంది. అదీ ఒక షరతుతో: ఆ పాట సీడీగానో వినైల్‌గానో దుకాణంలో దొరుకుతుండాలి. కాబట్టి ‘ఐ బెట్ యూ లుక్ గుడ్ ఆన్ ది డ్యాన్స్‌ఫ్లోర్’ 2005 అక్టోబర్ 17న విడుదలై ఆదివారానికి నంబర్ 1 కావడం వెనక 38,962 కొనుగోళ్లున్నాయి. ఆ వారం అది షుగాబేబ్స్, రాబీ విలియమ్స్‌లను దాటింది.

అంతకు రెండు నెలల ముందు, ఆగస్టులో, రెడింగ్, లీడ్స్ సంగీతోత్సవాల్లో వాళ్లు వాయించింది కొత్త బ్యాండ్లకిచ్చే చిన్న వేదిక మీద. డేరా పట్టనంత జనం వచ్చారు. ఇంకా విడుదల కాని పాటల్ని అక్షరం పొల్లుపోకుండా పాడారు. డెమోలు చేసిన అసలు మేలు ఇదే: కచేరీకి వచ్చేవాళ్లు పాట నేర్చుకుని వచ్చారు.

అయితే ఉచితంగా చేతిలో ఉన్న పాటను మళ్లీ ఎందుకు కొన్నారు? వాళ్ల దగ్గరున్నది డెమో; ఆల్బమ్ కోసం నిర్మాత జిమ్ అబిస్‌తో లింకన్‌షైర్‌లోని చాపెల్ స్టూడియోలో పాటల్ని కొత్తగా రికార్డు చేశారు. అభిమానులు ‘స్కమీ’ అని పిలుచుకున్న డెమో ‘వెన్ ది సన్ గోస్ డౌన్’ అయి, 2006 జనవరిలో అదీ నంబర్ 1 అయింది. ఆల్బమ్ జనవరి 30న రావాల్సింది. గిరాకీ చూసి 23కు జరిపారు. మొదటి వారం 3,63,735 కాపీలు. అప్పటిదాకా వేగంగా అమ్ముడైన తొలి ఆల్బమ్ రికార్డు, టీవీ పోటీలో తయారుచేసిన హియర్‌సే బృందానిది. దాన్ని ఈ కుర్రాళ్లు దాటారు. ఆ ఏడాది మెర్క్యురీ బహుమతి కూడా వాళ్లదే.

"మొదటి ఆల్బమ్‌తో అయిపోయారు"

2006లో నికల్సన్ వెళ్లిపోయి నిక్ ఓమ్యాలీ వచ్చాడు. 2007 ఏప్రిల్‌లో రెండో ఆల్బమ్, ఆ వేసవిలోనే గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో ప్రధాన వేదిక మీద ముఖ్య కచేరీ. 2009లో వచ్చిన ‘హంబగ్’ కోసం కాలిఫోర్నియా ఎడారిలో అమెరికన్ రాక్ సంగీతకారుడు జాష్ హోమీతో కలిసి పనిచేశారు. నెమ్మదైన, చీకటి ధ్వని. మొదటి ఆల్బమ్ కోసం వచ్చిన అభిమానులు కొందరు అక్కడే విడిపోయారు. అయినా నా లెక్కలో వాళ్ల కెరీర్‌లో అతి ధైర్యమైన అడుగు అదే. 2013లో వచ్చిన ‘ఏఎమ్’లోని బరువైన గిటార్ నడక ‘హంబగ్’ లేకుండా పుట్టేది కాదు. ‘ఏఎమ్’ మొదటి వారమే లక్షన్నర దాటింది, అమెరికాలో వాళ్లను పెద్ద హాళ్లకు చేర్చింది.

2018లో గిటార్లు పక్కకు జరిపి, పియానో మీద రాసిన ఆల్బమ్ తెచ్చినా అది కూడా నంబర్ 1. మొదటి ఆరూ నంబర్ 1లే. ఏడోది, 2022 నాటి ‘ది కార్’, టేలర్ స్విఫ్ట్ ఆల్బమ్ వచ్చిన వారమే విడుదలై రెండో స్థానంలో ఆగింది. మరుసటి ఏడాది గ్లాస్టన్‌బరీలో మూడోసారి ముఖ్య కచేరీ ఇచ్చారు.

వాళ్ల విషయంలో ఇంటర్నెట్‌కు పూర్తి ఘనత ఇవ్వాల్సిన చోటు ఒకటుంది. 2007 ఆల్బమ్ చివరి పాట ‘505’ ఎన్నడూ సింగిల్‌గా రాలేదు. పదిహేనేళ్ల తర్వాత టిక్‌టాక్‌లో దాన్ని కొత్త తరం కనిపెట్టింది.