అమెరికాలో మా రాష్ట్ర శాసనసభ ప్రతినిధి గారి వార్తాలేఖకు ఆశీర్వదించి రాయునది

చిరంజీవి వార్తాలేఖకు,

ఉభయకుశలోపరి. నిన్న మధ్యాహ్నం మా తపాలా పెట్టెలో కరెంటు బిల్లుకూ పిజ్జా కూపన్లకూ నడుమ నిటారుగా నిలబడి కనిపించావు. అవి రెండూ వంగిపోయాయి, నువ్వు వంగలేదు. అంత మందమైన, నిగనిగలాడే కాగితం మా ఇంట్లో పెళ్లి శుభలేఖలకు కూడా వాడలేదు. అడుగున మాత్రం చీమ తలకాయంత అక్షరాలతో, ప్రజాధనంతో ముద్రించినట్టు ఒక ముక్క ఉంది. అంటే, ఇక్కడ కూడా శుభలేఖల ఖర్చు ఆడపెళ్లివారిదేనన్న మాట.

అమెరికాలో 50 రాష్ట్రాలు, వాటి శాసనసభల్లో 7,300 మందికి పైగా సభ్యులు. అందరూ కాకపోయినా చాలామంది నీలాంటి బిడ్డను ఏడాదికి ఒకటి రెండుసార్లు ఊరి మీదికి వదులుతారు. కాబట్టి ఈ ఉత్తరం నీకు రాస్తున్నా, నీ తోబుట్టువులందరికీ చెందుతుంది. మా రాష్ట్రం పేరు రాయను. మీ అయ్యగారి పేరు అసలే రాయను. నీ నాలుగు పేజీల్లో అది ఇప్పటికే పంతొమ్మిది సార్లు ఉంది.

ఫోటోలు కూడా లెక్కపెట్టాను. పదకొండు. అయ్యగారు రిబ్బను కత్తిరిస్తున్నారు, అగ్నిమాపక బండి ఎక్కారు, బడి పిల్లలతో మోకాళ్ల మీద కూర్చున్నారు, దత్తతకు సిద్ధంగా ఉన్న కుక్కను ఎత్తుకున్నారు, మా గుడిలో శాలువా కప్పుకుని హారతి పళ్లెం వైపు కాక కెమెరా వైపు చూస్తున్నారు. అన్నింటిలోనూ ఒకటే నవ్వు. కుక్క ఒక్కటే కాస్త ఇబ్బందిగా ఉంది. చట్టం చేస్తున్న ఫోటో మాత్రం ఒక్కటీ లేదు.

నీ ‘మన ఊరి కబుర్లు’ పేజీ మీద నాకేమీ కోపం లేదు సుమా. నిజం చెప్పాలంటే నిన్ను తెరిచేదే దాని కోసం. శనివారం ఉదయం గ్రంథాలయం వెనక పాత కాగితాలు ముక్కలు చేసే బండి వస్తుందని, ఇంటికి రెండు పెట్టెలు మించకూడదని రాశావు. ఆ బండి ముందు కార్ల వరుసలో ఈ ఊరి సగం జనాన్ని చూశాను. ఎవరూ దిగరు, ఎవరూ పలకరించుకోరు. డిక్కీ తెరుచుకుంటుంది, టై కట్టుకున్న కుర్రవాడొకడు పెట్టెలు తీసుకుని అయ్యగారి పేరున్న కలం చేతిలో పెడతాడు. నిరుటి కలం ఇంకా రాస్తోంది. ఈ ఉత్తరం దానితోనే.

ఎవరూ అడగక ప్రభుత్వం దగ్గర ఉండిపోయిన సొమ్ము గురించి కూడా నువ్వే చెప్పావు. మూసేసిన ఖాతాలూ, మరిచిపోయిన డిపాజిట్లూ, చిరునామా దొరకని చెక్కులూ కొన్నేళ్లకు రాష్ట్ర ఖజానాకు చేరతాయి, పేరు వెతికి అడిగితే తిరిగి ఇస్తారు. వెతికాను. పదిహేనేళ్ల కిందట ఖాళీ చేసిన అద్దె ఇంటి తాలూకు డిపాజిట్ పదకొండు డాలర్ల చిల్లర నా పేరున కనిపించింది. రెండు గుర్తింపు పత్రాలు, ఒక నోటరీ ముద్ర, ఎనిమిది వారాల ఎదురుచూపు తర్వాత అందింది. అయ్యగారి పదవీకాలంలో మా ఇంటికి నేరుగా చేరిన మేలు అదొక్కటే. అదీ నా డబ్బే.

ఇక మూడో పేజీ. ‘ఇటీవలి చట్టాలు’.

ఇక్కడికి రాగానే నీ భాష మారిపోతుంది. అప్పటిదాకా కాగితాల బండి దగ్గర పక్కింటి మనిషిలా మాట్లాడినవాడివి, ఒక్కసారిగా పౌరాణిక నాటకంలో పాత్రధారివైపోతావు. పోరాడాను, సాధించాను, గర్విస్తున్నాను. ఏ బిల్లు చూసినా ‘సహప్రతిపాదకుడిగా’ అన్న మాట ఉంటుంది. అదేమిటా అని విచారించాను. బిల్లు రాసినవారు వేరే. దాని కింద సంతకం పెట్టిన నలభై ఏడుగురిలో మీ అయ్యగారు ఒకరు. శుభలేఖ చివర ‘బంధుమిత్రుల అభినందనలతో’ అని ఉంటుంది చూడు, ఆ వరుసలో నిలబడి తాళి తానే కట్టానంటే ఎలా నాయనా?

కొన్నేళ్ల కిందటి సంచిక ఒకటి నా దగ్గర భద్రంగా ఉంది. మార్చిలో గంట ముందుకూ నవంబరులో గంట వెనక్కూ, ఏడాదికి రెండుసార్లు గడియారాలు తిప్పే బాధ మన రాష్ట్రానికి తప్పిపోయిందని అందులో పెద్ద అక్షరాలతో ప్రకటించావు. వేసవి సమయమే ఇక ఏడాది పొడవునా అన్నావు. 2018లో ఫ్లోరిడా ఇలాంటి చట్టం చేసింది, ఆ తర్వాత వరుసగా దాదాపు 20 రాష్ట్రాలు చట్టమో తీర్మానమో చేశాయి. చిక్కల్లా 1966 నాటి కేంద్ర చట్టంతో. గడియారాన్ని అసలు ముందుకు తిప్పకుండా ఉండే స్వేచ్ఛ రాష్ట్రాలకు ఉంది, అరిజోనాలో చాలా భాగమూ హవాయీ అలాగే ఉన్నాయి. ముందుకు తిప్పి అక్కడే ఉంచేసే స్వేచ్ఛ మాత్రం లేదు. దానికి వాషింగ్టన్‌లోని కేంద్ర చట్టసభ ఒప్పుకోవాలి. 2022 మార్చిలో అక్కడి సెనేట్ ఊ అంది, ప్రతినిధుల సభ ఊకొట్టలేదు. ఇన్ని రాష్ట్రాల చట్టాలూ ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు కూర్చున్నాయి. నువ్వు సోమలింగం పేరు మాత్రం అచ్చు వేశావు.

అమల్లోకి వచ్చే చట్టాలు లేవని కాదు, ఉన్నాయి. మసాచుసెట్స్ 1986లో మొక్కజొన్న మఫిన్‌ను రాష్ట్ర మఫిన్‌గా ప్రకటించింది. 1987లో న్యూయార్క్ ఆపిల్ మఫిన్‌ను, 1988లో మిన్నెసోటా బ్లూబెర్రీ మఫిన్‌ను నిలబెట్టాయి. 2014లో న్యూయార్క్ ఇంకో అడుగు ముందుకేసి, నాలుగో తరగతి పిల్లలు కోరారని, పెరుగును రాష్ట్ర చిరుతిండిగా చేసింది. ఆ రాష్ట్ర సెనేట్‌లో దాని మీద చాలాసేపే చర్చ జరిగింది. పెరుగు చిరుతిండేమిటని మావాళ్లను ఒక్కరినైనా పిలిచి అడగలేదు. అడిగి ఉంటే చర్చ ఇంకా చాలాసేపు సాగేది. పిల్లలకు బిల్లు ఎలా పుడుతుందో తెలిసింది కదా అని నేను దీన్ని క్షమించేశాను. కాకపోతే, చట్టసభలో అందరూ పూర్తి శ్రద్ధతో, చదివి మరీ వాదించేది పెరుగు మీదేనేమోనని నా అనుమానం.

మావాళ్ల కోసం నువ్వు పేజీలో గీతలు గీసి వేసే దీపావళి వార్త పెట్టె సంగతికి వస్తాను. 2024 అక్టోబరు 30న పెన్సిల్వేనియా గవర్నరు సంతకంతో దీపావళి అక్కడ రాష్ట్ర సెలవుగా గుర్తింపు పొందింది. బడులు మూయాలనీ, కార్యాలయాలు మూయాలనీ ఆ చట్టం అడగదు. సెలవు ఉంది, సెలవు లేదు. అద్వైతం ఇంత తేటగా మా తాతగారు కూడా చెప్పలేకపోయారు. న్యూయార్క్ నగరం బడులకు నిజమైన సెలవే ఇచ్చారు, కానీ ఆ చట్టం మీద సంతకం పడింది 2023 నవంబరు 14న. ఆ ఏడు పండుగ 12న, ఆదివారం. పోనీలే, మరుసటి ఏడు పిల్లలు ఇంట్లోనే ఉన్నారు. మన పండుగ పేరు చట్టంలో చూసుకున్నప్పుడు నా గొంతుకూ ఏదో అడ్డుపడింది, దాచడం ఎందుకు? ఆ మురిపెంలో పక్క పేజీలో ఏముందో చూడడం మరిచిపోయాను. ఆ పెట్టె వేసింది అందుకేనేమో.

పక్క పేజీలో బిల్లుల పేర్లుంటాయి. కుటుంబ రక్షణ, పారదర్శకత, న్యాయం. పేరు విని మురిసిపోయే వయసు నాది కాదు. 2019లో అమెరికా పత్రికలు కొన్ని కలిసి కంప్యూటర్లతో లక్షలాది బిల్లులను పోల్చి చూశాయి. ఎనిమిదేళ్లలో 10,000కు పైగా బిల్లులు కంపెనీలు గానీ, తమ ప్రయోజనాల కోసం ఒత్తిడి తెచ్చే బృందాలు గానీ రాసిపెట్టిన నమూనాలకు దాదాపు నకళ్లని తేలింది, వాటిలో 2,100కు పైగా చట్టాలయ్యాయి. ఆస్బెస్టాస్ పారదర్శకత అనే పేరుతో వచ్చిన బిల్లు ఆ ధూళికి జబ్బుపడినవారి కోసమని ఎవరైనా అనుకుంటారు. అది వాళ్లకు పరిహారం దక్కడం కష్టం చేయడానికి పరిశ్రమ రాయించుకున్నది. మా చిన్నప్పుడు పక్కవాడి జవాబు కాపీ కొట్టేవాడు కనీసం పైన తన పేరైనా సరిగ్గా రాసేవాడు. కొందరు తొందరలో అదీ మార్చడం మరిచిపోయేవారనుకో.

నువ్వు చెప్పినవాటితో నాకు పేచీ చిన్నదే. చెప్పనివే నన్ను నిద్రపోనివ్వవు. ఆస్తి పన్ను మీద ఓటు పడినప్పుడు అయ్యగారు ఎటు చేయెత్తారు? బడ్జెట్‌కు రెండు వాక్యాలు, కుక్కకు అర పేజీ ఎందుకు? అద్దెదారుల బిల్లు ఏమైంది? నేను ఉత్తరం రాసి అడిగితే ‘కమిటీ పరిశీలనలో ఉంది’ అని జవాబొచ్చింది. అత్తగారు ‘చూద్దాంలే’ అన్నా, కమిటీ ‘పరిశీలిస్తున్నాం’ అన్నా అర్థం ఒకటే. అక్కడ చచ్చిన బిల్లుకు శవం ఉండదు, హంతకుడు ఉండడు. కమిటీ అధ్యక్షుడు చర్చకు తీసుకోడు, గడువు దాటిపోతుంది. ఎవరూ కాదనలేదు కాబట్టి ఎవరికీ మచ్చ ఉండదు.

చివరి పేజీలో సర్వే. ‘మీ అభిప్రాయం మాకు అమూల్యం’ అన్నావు. మొదటి ప్రశ్న: మీ పన్నులు తగ్గాలా, లేక వృథా ఖర్చుల కోసం పెరగాలా? ఇది ప్రశ్న కాదురా అబ్బాయీ, మెడ పట్టుకుని తలూపించడం. అక్కడ మూడో గడి నేనే గీసి, ‘ఈ సర్వే అచ్చుకు ఎంతయింది?’ అని రాసి పంపాను. వచ్చే సంచికలో ‘అత్యధికులు మాతో ఏకీభవించారు’ అన్న లెక్కలో నన్నూ కలిపేస్తావని తెలుసు.

నువ్వు పంచాంగం చూసి పుడతావని కూడా గమనించాను. కాలిఫోర్నియాలో అయితే బ్యాలెట్ మీద పేరున్నవారి తరఫున ఎన్నికకు 60 రోజుల ముందు నుంచి ఇలాంటి ఉత్తరాలు గుంపుగా పంపకూడదు. అందుకే ఆ అరవై రోజులు మొదలయ్యే ముందు తపాలా బంట్లు నడుం పట్టుకుంటారు. అయినా మీ అయ్యగారికి అంత కంగారు దేనికో. 2022లో రాష్ట్ర చట్టసభల స్థానాల్లో దాదాపు 40 శాతం చోట్ల రెండు పెద్ద పార్టీల్లో ఏదో ఒకటి అభ్యర్థినే పెట్టలేదు. 2018లో ఒక విశ్వవిద్యాలయం సర్వే చేస్తే తమ రాష్ట్ర చట్టసభ సభ్యుల పేర్లు చెప్పగలిగినవారు 20 శాతం లోపే. మందపు కాగితం మీద పంతొమ్మిది సార్లు అచ్చు వేసినా ఇదీ సంగతి. ఇందులో నా తప్పూ ఉంది. పోయినసారి గ్రంథాలయంలో అయ్యగారు పెట్టిన సభకు నాతో కలిపి తొమ్మిది మందిమి. అందులో ముగ్గురు ఆయన సిబ్బంది, ఒకాయన ఏసీ చల్లదనం కోసం వచ్చి నిద్రపోయాడు.

కాబట్టి పెద్దగా కోరను. వచ్చే సంచికలో పదకొండు ఫోటోలు పది చెయ్యి. మిగిలిన జాగాలో అయ్యగారు ఏ బిల్లుకు అవునన్నారో, దేనికి కాదన్నారో, ఏ రోజు సభకు రాలేదో చిన్న అక్షరాల్లోనే వెయ్యి. ప్రజాధనం అన్న ముక్క వేసిన సైజు చాలు, అద్దం పెట్టుకుని చదువుకుంటాను. తీయాల్సిన ఫోటో కుక్కది మాత్రం కాకూడదు.

ఇట్లు,
నీ క్షేమం కోరే పన్ను చెల్లింపుదారు

తా.క.: శనివారం బండి దగ్గరికి వస్తున్నాను. నీ పాత సంచికలు ఒక పెట్టెకు సరిపోయాయి. గడియారాల సంచిక మాత్రం తీసి పక్కన పెట్టుకున్నాను. మార్చిలోనూ నవంబరులోనూ వంటింటి గడియారం తిప్పడానికి కుర్చీ ఎక్కినప్పుడు, దిగేముందు ఒకసారి చదువుకోవడం అలవాటైంది.