ఉగాది వేదిక మీద గుంటల బేరం

ఈసారి అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాదికి పంచాంగ శ్రవణం పావుగంటలో ముగించమని పంతులుగారికి చీటీ వెళ్లింది. రాశిఫలాలు కన్య దాకా వచ్చి ఆగిపోయాయి. ఆ తర్వాత మైకు అందుకున్న ప్లాటినం స్పాన్సరు మాత్రం అరగంట పైనే మాట్లాడాడు, డ్రోన్ వీడియోతో సహా. హైదరాబాద్ శివార్లలో ఫామ్ ప్లాట్లు, ఐదేసి గుంటలు (గుంటంటే ఎకరంలో నలభయ్యో వంతు), శ్రీగంధం మొక్కలు వాళ్లే పెంచుతారట, క్లబ్ హౌస్ కూడా ఉంటుందట, ఈరోజే బుక్ చేస్తే డిస్కౌంటట. మన కార్యవర్గం పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది.

భోజనాలప్పుడు స్టాల్ దగ్గరికెళ్లి ఇది వ్యవసాయ భూమా, లేఅవుటా అని అడిగాను. ఆ అబ్బాయి పులిహోర ప్లేటు పక్కన పెట్టి మర్యాదగానే చెప్పాడు: "పక్కా అగ్రికల్చర్ ల్యాండ్ అక్కా, పాస్‌బుక్ వస్తుంది." మరి ఎన్నారైలు వ్యవసాయ భూమి కొనకూడదు కదా అంటే, "మీది ఇండియన్ పాస్‌పోర్టేనా? అయితే ఏం కాదక్కా" అన్నాడు. పాస్‌పోర్టుతో పనిలేదు తమ్ముడూ, ఉండేది ఎక్కడన్నదే లెక్క అన్నాను. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఊళ్లో తమ్ముడో మరిదో ఉంటారు కదక్కా, వాళ్ల పేరు మీద చేయించేద్దాం, అందరూ చేసేదే." పోనీ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు చెప్పమంటే, పొలానికి రెరా ఎందుకని నవ్వాడు.

కిటుకంతా ఇక్కడే ఉంది. రోడ్లు వేసి ముక్కలు చేసి ప్లాట్లుగా అమ్మేదైతే, 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టుని రెరాలో నమోదు చేయకుండా ప్రకటనలు ఇవ్వడానికీ బుకింగులు తీసుకోవడానికీ 2016 నాటి చట్టం ఒప్పుకోదు. కాదు, పొలమే అంటారా, హెచ్1బీ వీసా మీదున్నా, గ్రీన్ కార్డున్నా, ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకిచ్చే కార్డు) అయినా ఫెమా (విదేశీ మారక చట్టం) ప్రకారం మనం కొనలేం. తోటలూ ఫామ్ హౌస్‌లూ అంతే. తాతల నుంచి వచ్చింది ఉంచుకోవచ్చు, ఇండియాలో ఉండగా కొన్నది ఉంచుకోవచ్చు, కొత్తగా కొంటే మాత్రం పెట్టిన సొమ్ముకి మూడు రెట్ల దాకా జరిమానా పడొచ్చు. ఎటు తిప్పినా ఆ స్టాల్లో మనకి అమ్మదగ్గ సరుకే లేదు.

ఇక తమ్ముడి పేరు మీద కొనడం. మన డబ్బుతో, మనకోసం, ఇంకొకరి పేరున కొంటే దాన్ని బినామీ అంటారు. భూమి జప్తు చేస్తారు, ఏడేళ్ల దాకా జైలు, మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా, డబ్బు పెట్టిన మనకే కాదు, పేరిచ్చిన పాపానికి వాడికీను. రేపు తమ్ముడు అడ్డం తిరిగితే భూమి నాదని కోర్టుకెళ్లే దారి కూడా ఉండదు. (నిజంగా వాడికే కానుకగా ఇస్తే వేరే సంగతి, అప్పుడది వాడి పొలం.)

భూమంటే మనవాళ్లకున్న మమకారం నాకు తెలియనిది కాదు. మా నాన్న మిర్యాలగూడ దగ్గర రెండెకరాలు అమ్మి నా ఫీజులు కట్టాడు, ఇప్పటికీ ఆ దారిన బస్సులో వెళ్తే అటువైపు కిటికీ పక్కనే కూర్చుంటాడు. ఆ మమకారానికే కదా వీళ్లు డ్రోన్ వీడియోలు తీసేది! కానీ ఇక్కడ పెరట్లో షెడ్డు వేయాలంటే సిటీ పర్మిట్, హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఉత్తరం తెచ్చుకునే మనమే, అక్కడ లక్షలు పోసేటప్పుడు ఈసీ (భూమి మీద పాత లావాదేవీలు చూపే కాగితం) తీయించం, లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) అడగం. "మనవాడే" అంటే చాలు.

కొనొద్దని అనడం లేదు. ఫ్లాటో, ఇల్లో, అనుమతులున్న ప్లాటో శుభ్రంగా కొనుక్కోవచ్చు, ఎన్నారై ఖాతా నుంచి బ్యాంకు ద్వారా కట్టి. రెరా ప్రాజెక్టైతే అగ్రిమెంటు రిజిస్టర్ కాకముందు పది శాతానికి మించి అడిగే హక్కు బిల్డరుకి లేదు. అద్దె వస్తే ఇక్కడి ట్యాక్స్ రిటర్నులో చూపించాలి, అది మీ సీపీఏ (ట్యాక్సులు చూసే అకౌంటెంటు) చెప్తారు.

స్పాన్సర్లు లేకపోతే హాలు అద్దె ఎవరు కడతారని కార్యవర్గం వాళ్లు అడుగుతారు, న్యాయమే. అందుకే అడిగేది చిన్నదే. దీపావళికి స్టాళ్ల ఫారంలో రెండు గళ్లు చేర్చండి: రెరా నంబరు, ఎన్నారైలు కొనొచ్చా లేదా. ఆ నంబరు రెరా వెబ్‌సైట్లో ఎవరో ఒకరు సరిచూడండి, నేనే చూసిపెడతాను. తేలని వాళ్ల చెక్కు వెనక్కి పంపండి. ఆ లోటుకి భోజనం టికెట్ ఐదు డాలర్లు పెంచినా ఇస్తాం, లేదంటే ఒక స్వీటు తగ్గించండి.