ఇంట్లో జారిపడ్డాడట!

తెల్లవారుజామున మూడున్నరకు విజయవాడ రామవరప్పాడు రింగ్ దగ్గర నిలబడితే గన్నవరం ఎయిర్‌పోర్టు వైపు పోయే బైకులు ఒకటొకటిగా కనిపిస్తాయి. ఎనికేపాడు, నిడమానూరు, గూడవల్లి, కేసరపల్లి మీదుగా లారీలను ఒరుసుకుంటూ వెళ్లే కుర్రాళ్లు. ఒంటి మీద మెరిసే జాకెట్టు, మెడలో ఎయిర్‌పోర్టు పాసు. మొదటి విమానం ఎక్కాల్సినవాళ్లు నిద్ర లేవకముందే వీళ్ల షిఫ్టు మొదలవుతుంది. సూట్‌కేసు కౌంటర్లో ఇచ్చేసి, బోర్డింగ్ పాసు చేత్తో పట్టుకుని మనం కాఫీ కోసం నడుస్తాం. ఆ సూట్‌కేసు విమానంలోకి ఎలా చేరుతుందో ఎప్పుడూ ఆలోచించం.

విమానం పొట్టలో సామాను పేర్చే అర ఎత్తు నాలుగడుగులకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అందులో మనిషి నిలబడలేడు. మోకాళ్ల మీద కూర్చుని, బెల్టు మీద ఎక్కివచ్చే పెట్టెను నడుము తిప్పి అందుకుని, మళ్లీ అటు తిరిగి లోపలికి నెట్టాలి. 180 సీట్ల విమానంలో అందరూ తలా 15 కిలోలు వేస్తే 2,700 కిలోలు. వచ్చినవి దించాలి, వెళ్లేవి ఎక్కించాలి. దానికి దొరికేది అరగంట, మహా అయితే ముప్పావుగంట. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, సిమెంటు మైదానం మధ్య ఎండకు కాలిన ఆ డబ్బాలో గాలి ఎంత ఆడుతుందో బెజవాడ వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. నడుము పట్టేయడం, భుజం జారడం, పెట్టెకీ తలుపు అంచుకీ మధ్య వేలు నలగడం, ట్రాలీ చక్రం పాదం మీదికి ఎక్కడం ఈ పనిలో వింతేమీ కాదు.

వింత ఆ తర్వాత మొదలవుతుంది. ఆస్పత్రికి తీసుకెళ్తూ పక్కన కూర్చున్న సూపర్‌వైజరు మెల్లగా అంటాడు: ‘డాక్టరు అడిగితే ఇంట్లో బాత్రూంలో జారిపడ్డానని చెప్పు. ఖర్చు సంగతి మనం చూసుకుందాంలే.’ ఈ మాట ఒక్క ఎయిర్‌పోర్టుదే అనడం లేదు. ఆటోనగర్ షెడ్లలో, గుంటూరు జిల్లా స్పిన్నింగ్ మిల్లుల్లో పనిచేసినవాళ్లను అడగండి, ఎప్పుడో ఒకప్పుడు విన్నామనే అంటారు. చెప్పేవాడు చెడ్డవాడేం కాకపోవచ్చు. రిపోర్టు రాస్తే విచారణ వస్తుందని, కాంట్రాక్టుకు ఎసరొస్తుందని పైనుంచి అతనికీ టెన్షనే. వినేవాడు కూడా ఆ నొప్పిలో సరేనంటాడు. రేపు పనిలో ఉండనిస్తే చాలనుకుంటాడు.

ఆ ఒక్క అబద్ధం ఖరీదు ఎంతో చూద్దాం. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లకు కార్మికుల బీమా పథకమైన ఈఎస్‌ఐ ఉంటుంది. కార్మికుడి జీతం నుంచి ముప్పావు శాతం, యజమాని నుంచి 3.25 శాతం ప్రతి నెలా కట్టాలి. పనిలో దెబ్బ తగిలిందని 24 గంటల్లో యాక్సిడెంట్ రిపోర్టు వెళ్తే, కోలుకునేదాకా జీతంలో 90 శాతం చేతికొస్తుంది. అవయవం శాశ్వతంగా దెబ్బతింటే ఆ నష్టాన్ని బట్టి జీవితాంతం నెలనెలా డబ్బు అందుతుంది. రిపోర్టు లేకుండా ‘ఇంట్లో జారిపడ్డాడు’ అని రాస్తే? అప్పుడది మామూలు జబ్బు కింద పోతుంది. జీతంలో 70 శాతం, అదీ 91 రోజులే. జీవితాంతం రావాల్సింది అక్కడితో సరి. గుణదల ఈఎస్‌ఐ ఆస్పత్రిలో కట్టు ఒకేలా కడతారు, మందులు ఒకేలా ఇస్తారు. తేడా అంతా చీటీ మీద రాసిన ఆ నాలుగు మాటల్లో ఉంది.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. ఇంతకీ ఆ కుర్రాడు ఎవరి మనిషి? విమానం ఒక ఎయిర్‌లైన్‌ది. సామాను ఎత్తే పని ఒక గ్రౌండ్ హ్యాండ్లింగ్ ఏజెన్సీది. కొన్ని పనుల్లో దాని కింద మరో కాంట్రాక్టరు. నేల ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది. దెబ్బ తగిలిన మర్నాడు ఎవరిని అడిగినా పక్కవాడి వైపు చూపిస్తారు. ‘మావాడు కాదండీ, ఏజెన్సీ వాడు’ అంటుంది ఒక ఆఫీసు. ‘మొన్నటిదాకా మావాడే, ఇప్పుడు మానేశాడు’ అంటుంది ఇంకో ఆఫీసు.

అసలు దేశంలో ఎక్కడైనా మనిషి లెక్క తేలకపోవచ్చు గానీ విమానాశ్రయంలో తేలకపోవడం ఏమిటని మా ప్రశ్న. పౌర విమానయాన భద్రతా బ్యూరో ఇచ్చే పాసు లేకుండా విమానాలు నిలిపే ర్యాంపు మీద అడుగు పెట్టనివ్వరు. పోలీసు వెరిఫికేషన్ అయితే గానీ ఆ పాసు రాదు. దాని మీద ఫోటో ఉంటుంది, పేరు ఉంటుంది, ఏ సంస్థ తరఫున లోపలికొచ్చాడో ఉంటుంది. గేటు దగ్గర తనిఖీ, లోపల అడుగడుగునా సీసీ కెమెరా. చీమ దూరినా కనిపెట్టే చోట వేలు నలిగిన మనిషి ఎవరి దగ్గర పనిచేశాడో మాత్రం ఎవరికీ గుర్తుండదు! ఉద్యోగం పోగానే పాసు వెనక్కి ఇచ్చెయ్యాలన్నది నిబంధన. భద్రత కోసం అది అవసరమే, కాదనం. అయితే తాను అక్కడ పనిచేశానని చూపడానికి అతని దగ్గరున్న గట్టి రుజువు కూడా దాంతోపాటే పోతోంది.

చట్టం ఈ సాకును వందేళ్ల కిందటే ఊహించింది. 1923 నాటి పరిహార చట్టం ప్రకారం, తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకు అప్పగించిన ప్రధాన యజమాని, ఆ కాంట్రాక్టరు మనిషికి దెబ్బ తగిలితే తానే పరిహారం కట్టాలి. కట్టిన దాన్ని తర్వాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవచ్చు. ఆ తగువు వాళ్లిద్దరిదీ. మంచాన పడ్డవాడిది కాదు. సామాను ఎక్కించకుండా ఎయిర్‌లైన్ వ్యాపారం ఉంటుందా? ఆ 1923 చట్టం, 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం రెండూ 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయాయి. పేరు మారినా ఈ బాధ్యత అలాగే ఉంది.

జీతం 21,000 దాటినవాళ్ల కథ వేరు. టెక్నీషియన్లు, క్యాబిన్ సిబ్బంది, పైలట్లకు ఈఎస్‌ఐ ఉండదు, పరిహార నిబంధనలే దిక్కు. విమాన సిబ్బందిని పాత చట్టం పేరు పెట్టి మరీ ఉద్యోగుల నిర్వచనంలో చేర్చింది. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన విమానంలో ఉన్న 242 మందిలో 12 మంది సిబ్బంది. అంతర్జాతీయ ప్రయాణికులకు విమాన ప్రమాదాల పరిహారంపై దేశాలు చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం అండగా ఉంటుంది. పక్క వరుసలో నిలబడి వాళ్లకు నీళ్లందించిన సిబ్బందికి ఆ ఒప్పందం వర్తించదు. వాళ్ల కుటుంబాలకు చట్టం చూపే ప్రధానమైన దారి ఉద్యోగుల పరిహారం.

ఆ పరిహారం లెక్క చూస్తే మనసు చివుక్కుమంటుంది. 2020 జనవరిలో కేంద్రం పెట్టిన పరిమితి ప్రకారం ఎంత జీతం ఉన్నా 15,000 రూపాయలనే లెక్కలోకి తీసుకుంటారు. అంతకుముందు దాదాపు పదేళ్లు అది 8,000. నెలకు 40,000 తెచ్చుకునే ముప్పై ఏళ్ల టెక్నీషియన్ ఇక ఏ పనీ చేయలేని స్థితికి వచ్చాడనుకుందాం. 15,000లో 60 శాతాన్ని అతని వయసుకు చట్టం ఇచ్చిన 207.98తో గుణిస్తే 18,71,820 రూపాయలు. అతని నాలుగేళ్ల జీతం కూడా కాదది. ముప్పై ఏళ్లవాడికి ముందున్న జీవితం నాలుగేళ్లేనా?

అందులోనూ శాతాల బేరం ఒకటి. నడుము పూస దెబ్బతిన్న మనిషికి డాక్టరు 20 శాతం వైకల్యం అని రాస్తాడు. కంపెనీ వకీలు దాన్నే పట్టుకుని 20 శాతం డబ్బే ఇస్తామంటాడు. 1975లో సుప్రీంకోర్టుకు ఒక వడ్రంగి కేసు వచ్చింది. ఎడమ చేయి మోచేతి దగ్గర తీసేశారు. ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కాబట్టి అతను నూటికి నూరు శాతం సంపాదన శక్తి కోల్పోయినట్టేనని కోర్టు చెప్పింది. చూడాల్సింది ఒంట్లో ఎంత పోయిందన్నది కాదు, పనిలో ఎంత పోయిందన్నది. రెక్కల క్రింద వంగి, నిచ్చెనలెక్కి పనిచేసే టెక్నీషియన్‌కు నడుము పోతే మిగిలేదెంత? యాభై ఏళ్ల కిందట తేల్చిన సంగతిని ప్రతి కేసులోనూ మొదటినుంచి వాదించాల్సి రావడం అన్యాయం.

2015 డిసెంబర్‌లో ముంబైలో ఒక గ్రౌండ్ ఇంజినీరును విమానం ఇంజిన్ లోపలికి లాగేసుకుంది. 2019 జూలైలో కోల్‌కతాలో ఒక టెక్నీషియన్ చక్రాలు ముడుచుకునే ల్యాండింగ్ గేర్ తలుపుల మధ్య నలిగి చనిపోయాడు. ఆ వార్తలు దేశమంతా చదివింది. చావును దాచలేరు కాబట్టి. విరిగిన కాళ్లు, నలిగిన వేళ్లు మాత్రం పేపర్లోకి రావు. మా పేపర్లోకీ రాలేదు. ఆ తప్పులో మాకూ వాటా ఉంది.

మొదట చెప్పిన బైకుల సంగతి కూడా ఇందులోదే. డ్యూటీకి వెళ్తూనో, దిగి ఇంటికి వస్తూనో దారిలో ప్రమాదం జరిగితే, సమయానికీ చోటుకీ ఉద్యోగంతో సంబంధం ఉందని తేలితే, దాన్ని పనిలో జరిగిన ప్రమాదంగానే చూడాలని కొత్త కోడ్ స్పష్టంగా అంటోంది. మూడున్నరకు హైవే మీద ఉన్న మనిషి షికారుకు బయల్దేరలేదని వేరే రుజువు కావాలా? ఈ హక్కు ఉందని ఆ కుర్రాళ్లలో ఎందరికి తెలుసు?

గన్నవరానికి కొత్త సర్వీసు వస్తే పండగ చేసుకుంటున్నాం, కొత్త టెర్మినల్ గురించి గొప్పగా చెప్పుకుంటున్నాం. మంచిదే. పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు మన తెలుగువారే, శ్రీకాకుళం వారు. ఆయన ఒక్క ఆదేశంతో చేయగలిగిన పని ఒకటుంది: ర్యాంపు మీద ఎవరికి దెబ్బ తగిలినా, ఎవరి మనిషైనా, ఆ రోజే ఎయిర్‌పోర్టు రిజిస్టర్లో పాసు నంబరుతో సహా రాసి, నకలు బాధితుడి చేతిలో పెట్టాలి. పాసు వెనక్కి తీసుకునేటప్పుడు కూడా ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ సంస్థలో పనిచేశాడో రాసిన కాగితం ఇవ్వాలి. విమానం రెక్కకు గీత పడితే రిపోర్టు రాస్తున్నారు కదా, మనిషికి తగిలితే ఎందుకు రాయరు?

రాష్ట్ర కార్మిక శాఖ చేయాల్సిందీ ఉంది. ఎయిర్‌పోర్టు పేరు విజయవాడది, ఉన్నది కృష్ణా జిల్లాలో. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక విజయవాడ నగరం ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. పనిచేసేవాళ్లలో గుంటూరు, ఏలూరు వైపు నుంచి వచ్చేవాళ్లూ ఉంటారు. ‘మీ కేసు ఇక్కడ కాదు, అక్కడికెళ్లండి’ అని కట్టుతో ఉన్నవాణ్ని తిప్పకూడదు. తానుండే ఊరి పరిధిలోనే క్లెయిమ్ వేసుకునే వీలు పాత చట్టంలోనే ఉంది. నెలకోసారి పరిహారం కేసులు తేల్చే అధికారి గన్నవరం వచ్చి కూర్చుంటే ఇంకా మేలు. యాభై వేలు చేతిలో పెట్టి తెల్లకాగితం మీద సంతకం చేయించుకునే రాజీలు ఈ అధికారి దగ్గర నమోదు కాకపోతే చెల్లవన్న సంగతి కూడా అక్కడే చెప్పవచ్చు. నెల దాటినా కట్టని సొమ్ముకు 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే సగందాకా జరిమానా ఉన్నాయి. వాటిని వాడితే గానీ ‘చూద్దాంలే’ అనేవాళ్లలో కదలిక రాదు.

ఇవన్నీ ఎప్పుడు జరుగుతాయో గానీ, ఈలోగా గన్నవరం షిఫ్టుకు వెళ్లే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. పాసు ఫోటో ఒకటి, జీతం చీటీ ఒకటి ఇంట్లోవాళ్ల ఫోన్లో ఉంచండి. దెబ్బ తగిలితే పక్కన ఎవరున్నారో పేర్లు గుర్తుపెట్టుకోండి. డాక్టరు ‘ఎలా తగిలింది బాబూ’ అని అడిగితే ఎక్కడ తగిలిందో అదే చెప్పండి. పక్కన ఎవరు కూర్చున్నా సరే. చెప్పింది చెప్పినట్టు ఓపీ చీటీ మీద రాశారో లేదో చదువుకుని మరీ గదిలోంచి బయటికి రండి.