దవడ నొప్పికి పుర్రెను పట్టాలా?

ఆస్టియోపతి (ఎముకలను, కండరాలను చేతులతో సవరించే వైద్యం) చికిత్సకుడు: దవడ నొప్పితో వచ్చినవారికి దవడను మాత్రమే పరీక్షించి పంపడం సగం వైద్యమేనండి. కింది దవడ రెండు కొనలూ కణతి ఎముకల గుంటల్లో ఆనుకొని ఉంటాయి. నడుమ పీచు కణజాలపు బిళ్ళ ఉంటుంది. నోరు తెరిచేటప్పుడు దవడ కొన, అంటే కీలు తల, మొదట ఉన్నచోటనే తిరిగి, తరువాత ఆ బిళ్ళతో సహా ముందుకు జారుతుంది. బిళ్ళ ముందే చోటు తప్పి ఉంటే, కీలు తల తిరిగి దాని మీదికి ఎక్కేటప్పుడు 'టక్'మంటుంది. గుంట ఉన్నది కణతి ఎముకలోనే కనుక, ఆ ఎముక బిగుసుకుంటే దవడ సరిగా ఎలా ఆడుతుంది? కణతి ఎముక అంచు చేప మొప్పలా ఏటవాలుగా ఉండడం గమనించిన ఆస్టియోపతి వైద్యుడు విలియం సదర్లండ్‌కు, అది కదలడానికే అలా ఏర్పడిందన్న ఆలోచన కలిగింది. పుర్రె ఎముకలు సన్నని లయతో కదులుతాయన్న ఆయన బోధనకు మూలం అదే.

శరీర నిర్మాణ అధ్యాపకుడు: కీలు గురించి మీరు చెప్పినదాంట్లో వంక పెట్టను. నొప్పి లేని చప్పుడుకు సాధారణంగా చికిత్సే అక్కరలేదన్న మాట మాత్రం కలపాలి. ఇక ఏటవాలు అంచు సంగతి: వడ్రంగి రెండు చెక్కలను ఏటవాలుగా చెక్కి అతికించేది అతుకు గట్టిగా నిలవాలనే కదండీ! పుర్రెలోని 22 ఎముకల్లో స్వేచ్ఛగా కదిలేది కింది దవడ ఒక్కటే. సదర్లండ్ బోధనకు ఇరుసు వంటిది పుర్రె అడుగున స్ఫినాయిడ్, ఆక్సిపిటల్ ఎముకలు కలిసే చోటు; అది కౌమారంలోనే ఎముకగా గట్టిపడిపోతుంది.

చికిత్సకుడు: పెద్దవారి పుర్రె అతుకుల్లోనూ పీచు కణజాలం మిగిలే ఉంటుంది. ఆ సన్నని లయ నా వేళ్ళకు తెలుస్తూనే ఉంది.

అధ్యాపకుడు: తెలుస్తున్నదేమిటన్నదే నా ప్రశ్న. ఒకే తల మీద ఇద్దరు చికిత్సకులు లయను లెక్కించిన పరీక్షల్లో వారి లెక్కలు పొసగలేదు.

చికిత్సకుడు: మరి రోగులకు కలుగుతున్న ఉపశమనం అబద్ధమా?

అధ్యాపకుడు: కాదు, దానికి పుర్రె ఎముకలు జరిగాయనుకోవలసిన పని లేదంటున్నాను. పళ్ళు కొరికే అలవాటుతో బిగిసిన నమిలే కండరాలను, అంటే మాసెటర్, టెంపొరాలిస్‌లను, చేతితో సడలిస్తే నొప్పి తగ్గవచ్చు. ముఖం నుంచి స్పర్శను, నొప్పిని మోసే ట్రైజెమినల్ నాడి కేంద్రకం (ఆ సంకేతాలను అందుకునే నాడీకణాల గుంపు) మెడ పైభాగపు వెన్నుపాములోకి దిగి, అక్కడ మెడ నాడుల సంకేతాలతో కలుస్తుంది. మెడలో పుట్టిన నొప్పి కణతలో తోచడానికి, మెడకు మీరు చేసే చికిత్స తలకు హాయినివ్వడానికి అదొక దారి. నా భయం వేరొకటి. 50 ఏళ్ళు దాటినవారికి నమిలేకొద్దీ దవడ నొప్పి, కొత్తగా కణత నొప్పి, చూపు మసకబారడం కలిసి వస్తే అది తలలోని ధమనుల వాపు కావచ్చు. స్టెరాయిడ్లు ఆలస్యమైతే చూపే పోవచ్చు.

చికిత్సకుడు: అటువంటివారి మీద చెయ్యి వేయను, వెంటనే ఆసుపత్రికే పంపుతాను. మిగిలినవారి విషయంలో మాత్రం నా చేతులు ఆపుకోమనకండి.

అధ్యాపకుడు: ఆపమనను. చీటీ మీద 'పుర్రె సవరణ' అని కాక 'నమిలే కండరాలకు చికిత్స' అని రాయండి, చాలు.