కర్ణం తప్పింది

మా అబ్బాయి చదువు పుణ్యమా అని పోయిన వేసవిలో నేను, మా ఆవిడ, మా అత్తగారు ఇటలీలోని బొలోనా వెళ్ళాం. ఆ ఊళ్ళో వానొచ్చినా గొడుగు పని పెద్దగా ఉండదు. వీధుల పక్కన ఎటు చూసినా కమానుల వసారాలే. అన్నీ కలిపితే 62 కిలోమీటర్లట! 2021లో యునెస్కో వాళ్ళు కూడా వాటిని తమ జాబితాలో చేర్చుకున్నారు. అయినా మా అత్తగారు గొడుగు వదల్లేదనుకోండి.

ఊరి నడిబొడ్డున పెద్ద చౌక్, పియాజ్జా మజ్జోరె. దాని ఒక పక్కంతా పొదెస్తా భవనం. 1200 ప్రాంతంలో నగరాధికారి కోసం కట్టిందట. కింద కమానుల వరస, నెత్తిన గంట గోపురం. ఆ గోపురం కిందే ఉంది అసలు విచిత్రం. నాలుగు స్తంభాల మీద నలుగురు పునీతుల విగ్రహాలు, పైన వంపు తిరిగిన కప్పు. ఒక మూల గోడకి మొహం పెట్టి గుసగుసలాడితే, ఆ మాట కప్పు వంపు పట్టుకుని పాకి అవతలి మూలలో దిగుతుంది. మధ్యలో నిలబడ్డవాళ్ళకి ఒక్క ముక్క వినపడదు.

"కర్ణం వెంబడి, ఐమూలగా నిలబడాలి నాన్నా, ఎదురుగా కాదు" అని మావాడు చెబుతూనే ఉన్నాడు. నేను వింటేగా! నాలుగు రోజులుగా ఆ ఇరుకు ఫ్లాట్‌లో మా ఆవిడతో విడిగా మాట్లాడే వీలే దొరకలేదు. ఆవిణ్ణి తిన్నగా ఎదురు మూలకి తోలి, గోడకి ముక్కు ఆనించాను.

"ఇదిగో, రేపు ఫ్లోరెన్స్‌కి మనిద్దరమే పోదాం. మీ అమ్మకి మోకాళ్ళ నొప్పులని చెప్పి వాడి దగ్గర వదిలేద్దాం. ఆవిడొస్తే పదడుగులకోసారి కుర్చీ వెతకాలి."

జవాబు లేదు. సిగ్గుపడుతోంది కాబోలనుకుని ఇంకోసారి, మరింత వివరంగా చెప్పాను.

ఈలోగా మా అత్తగారు చుట్టూ చూశారట. పైన దేవుళ్ళ లాంటి బొమ్మలు, కింద జనం గోడకి తలలు ఆనించి ఏదో గొణుక్కుంటున్నారు. గుడే అనుకుని, ఖాళీగా ఉన్న మూలలో చెప్పులు విప్పి, నుదురు ఆనించి దణ్ణం పెట్టుకుంటున్నారు. ఆ మూల సరిగ్గా నాకు కర్ణం మీద ఉంది.

ఇంట్లో మూడుసార్లు పిలిస్తే గానీ పలకని మనిషి. గోడలోంచి ఆవిడ గొంతు నా చెవి పక్కనే ఉన్నంత స్పష్టంగా వచ్చింది.

"మోకాళ్ళు బాగానే ఉన్నాయి అల్లుడుగారూ. రైలు ఎన్నింటికి?"

నేను గోడకి అతుక్కుపోయి ఉండగా, ఎదురు మూలనుంచి మా ఆవిడ చౌకంతా వినపడేలా కేకేసింది.

"ఏవండీ, ఏమీ వినిపించట్లేదు! కాస్త గట్టిగా చెప్పండి!"