ఉతికి ఆరేసిన ఫిల్టర్

తాడిపత్రిలో దుమ్ముకు కొదవ లేదు. ఊరి చుట్టూ బండల పాలిష్ ఫ్యాక్టరీలు, రోడ్డు మీద రాళ్ల లారీలు, ఆపైన అనంతపురం జిల్లా గాలి. పొద్దున తుడిచిన కారు మీద మధ్యాహ్నానికి పిల్లలు వేలితో పేర్లు రాసేస్తారు. ఇలాంటి ఊళ్లో డీజిల్ కారు పెట్టుకున్నవాళ్లు ఇంజిన్ పీల్చే గాలిలో దుమ్మును ఆపే ఎయిర్ ఫిల్టర్‌ను కాస్త పట్టించుకోవాలి. మా చిన్నాన్న పట్టించుకున్నాడు. అక్కడే వచ్చింది చిక్కు.

బండి పాపం ఎప్పటినుంచో మొర పెట్టుకుంటూనే ఉంది. ముచ్చుకోట దగ్గర ఎత్తు ఎక్కాలంటే మూలుగుతుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక నల్లటి పొగ. ఓసారి వెనకాల వస్తున్న బైకు కుర్రాడు పక్కకొచ్చి ముఖం తుడుచుకుంటూ, "అన్నా, డీజిలే పోస్తాండావా, బొగ్గేమన్నా ఏస్తాండావా?" అని అడిగి పోయాడు. బంకులో కల్తీ అయ్యుంటుందన్నాడు చిన్నాన్న. మెకానిక్ మాత్రం బానెట్ కూడా ఎత్తకుండానే "ఎయిర్ ఫిల్టర్ మార్చాల సార్" అనేశాడు.

మూడు నాలుగు వందల వస్తువు. చేయి తిరిగినవాడికి పది నిమిషాల పని. "పది నిమిషాల పనికి ఇంకొకడెందుకు?" అన్నాడు చిన్నాన్న. రిటైరైన లెక్కల మాస్టార్లకు ఇలాంటి ఆలోచనలు వస్తుంటాయి, మనం ఆపలేం. పైగా పని మొదలుపెట్టే ముందు నాకు లెక్క కూడా చెప్పాడు.

"రెండు లీటర్ల ఇంజినురా ఇది. నిమిషానికి రెండు వేల చుట్లు తిరుగుతోందనుకో. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకొకసారి రెండు లీటర్ల గాలి. అంటే నిమిషానికి రెండు వేల లీటర్లు! గాలిని ఒత్తి పంపే టర్బో తోసేది దీనికి అదనం. అదే మనిషి ఊరికే కూచుంటే ఆరేడు లీటర్లతో సరిపెట్టుకుంటాడు."

"మీ చిన్నాన్న ఊరికే కూచుంటే కదా," అంది చిన్నమ్మ వంటింట్లోంచి.

ఫిల్టర్ ఉండేది ఇంజిన్ పక్కన నల్లటి ప్లాస్టిక్ డబ్బాలో. దాని మూతకు నాలుగు స్టీలు క్లిప్పులు. మూడు బుద్ధిగా ఊడాయి. నాలుగోది 'టింగ్' మని ఎగిరింది. ఎక్కడ పడిందో చూసినవాడు లేడు. మూత పక్కన గొట్టానికి ఉన్న సెన్సర్ వైరు అడ్డమొస్తే చిన్నాన్న దాన్నీ పీకి పక్కన పెట్టి మూత ఎత్తాడు.

ఫిల్టర్ మడతల నిండా రాతి పొడి. మడతకూ మడతకూ మధ్య సందే లేదు, వేలితో గీస్తే బిళ్లలుగా రాలుతోంది. దాన్ని పైకి తీస్తే కింద డబ్బాలో శెనక్కాయ పొట్టు, దూది, రంగు గుడ్డపేలికలు. ఎలుక ఒకటి ఏసీ కారులో కాపురం పెట్టి, సంసారం బాగానే నడిపినట్టుంది. చిన్నమ్మ వచ్చి తొంగి చూసింది. ఎలుకను ఏమీ అనలేదు గానీ, "విత్తనాలకని ఎత్తిపెట్టిన కాయలు తగ్గినాయంటే నేను తిన్నానంటివే!" అని చిన్నాన్నను నిలదీసింది. ఆయన దగ్గర సమాధానం లేదు. ఫిల్టర్‌ను పెరట్లో బట్టలుతికే బండ మీద పెట్టి, గాలి కొట్టించాలి అంటూ పంక్చర్ షాపు దిక్కు వెళ్లిపోయాడు.

నేను కారు కింద పడుకుని క్లిప్పు వెతుకుతున్నాను. అందుకే తర్వాత జరిగింది చూడలేదు. పెరట్లోంచి బ్రష్షు చప్పుడు వినిపించింది, నీళ్ల చప్పుడు కూడా వినిపించింది. ఉతుకుడు బండ దగ్గర ఆ చప్పుళ్లు మామూలే కదా.

ఇంట్లో ఏసీ సర్వీసుకొచ్చిన అబ్బాయి ఆ మధ్య చిన్నమ్మకు చెప్పి వెళ్లాడట, జాలీ ఫిల్టర్‌ను అప్పుడప్పుడు కుళాయి కింద కడుక్కోమని. కాబట్టి ఆమెకు ఫిల్టర్ల సంగతి తెలుసు. బండ మీద పెట్టిన వస్తువు ఎందుకు పెట్టారో అడగాల్సిన అవసరమూ లేదు. సబ్బు పొడి వేసిన బకెట్లో నానబెట్టి, మడత మడతా బ్రష్షుతో రుద్ది, రెండు నీళ్లు జాడించి తీగ మీద ఆరేసింది. అటు తుండుగుడ్డ, ఇటు చిన్నాన్న బనీను, మధ్యలో ఎయిర్ ఫిల్టర్.

చిన్నాన్న వచ్చి చూసి చాలాసేపు మాట్లాడలేకపోయాడు. తర్వాత గొంతు తెచ్చుకుని, "అది కాగితమే!" అన్నాడు.

"కాగితమైతే బండ మీద ఎందుకు పెడితివి?"

ఈలోగా జనం చేరారు. పక్కింటి పెద్దాయనకు పాత ట్రాక్టర్ ఉంది. "దానికి ఆయిల్ పట్టియ్యాలబ్బీ. నా బండికి అంతే చేస్తా," అన్నాడు. ఆయన మాటా నిజమే. పాత ట్రాక్టర్లలో ఫిల్టర్ అడుగున గిన్నె ఉంటుంది, అందులో ఆయిల్ పోస్తారు, లోపలికొచ్చే దుమ్ము అందులో చిక్కుకుంటుంది. జాలీని డీజిల్‌తో కడిగి మళ్లీ బిగిస్తారు. ఈ కాగితపు ఫిల్టర్‌కు మాత్రం ఆయిల్ తగిలితే ఉన్న సందులూ మూసుకుపోతాయి. చిన్నాన్న వెంట వచ్చిన పంక్చర్ షాపు కుర్రాడిది ఇంకో మాట: "లారీ టైర్లకు కొట్టే గాలుంది సార్, ఒక్క దెబ్బకు కొత్తదైపోతాది." అసలు పద్ధతేమో తక్కువ గాలిని, కాస్త దూరం నుంచి, శుభ్రంగా ఉన్న లోపలి వైపు నుంచి బయటికి కొట్టాలి. వాడన్నట్టు కొడితే ఫిల్టర్ మిగలదు, చట్రం మిగులుతుంది.

బెంగళూరు నుంచి అల్లుడు వీడియో కాల్‌లోకొచ్చాడు. "వెనక టార్చ్ పెట్టి చూడండి మామయ్యా. వెలుతురు అంతటా సన్నగా, సమంగా రావాలి."

చిన్నమ్మ ఒక పక్క ఫిల్టర్ పట్టుకుంది. నేను టార్చ్ వేశాను. చిన్నాన్న ఇటువైపు ఫోను పట్టుకున్నాడు. కాసేపు చూసి అల్లుడు మెల్లగా అన్నాడు: "మామయ్యా, మూలన అత్తమ్మ కనిపిస్తోంది."

బ్రష్షు తన పని తాను చేసింది. ఆ చిరుగు నుంచి పోయే రాతి పొడి ముందు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే టర్బో రెక్కలకు తగులుతుంది, ఆ తర్వాత పిస్టన్ రింగుల మధ్య దూరుతుంది. ఊళ్లో బండలకు చేసే పాలిష్ సిలిండర్ గోడలకు కూడా జరిగిపోతుంది. ఆ పాలిష్‌కు బిల్లు వేలల్లో.

"నాలుగు వీధులే కదా, ఫిల్టర్ లేకుండానే షాపుదాకా పోయొస్తా," అన్నాడు చిన్నాన్న. వద్దు వద్దని ఫోన్లోంచి కేక. "పోనీ పలచటి గుడ్డ కట్టి పో," అంది చిన్నమ్మ. రెండో కేక ఇంకా పెద్దది: "అత్తమ్మా, గుడ్డను కూడా లోపలికి పీల్చుకుంటుంది!"

చివరికి స్కూటర్ మీద బయల్దేరాడు. పాత ఫిల్టర్ తీగ మీదే ఉండిపోవడంతో షాపులో చేతులతో కొలత చూపించాడట. షాపువాడు ఆ కొలతకు నప్పేది ఇచ్చాడు. తీరా ఇంటికొచ్చి డబ్బాలో పెడితే అందులో ఇంకో ఎలుక కుటుంబానికి చోటు మిగిలింది. అది డ్యాష్‌బోర్డు వెనక ఉండే ఏసీ ఫిల్టర్. కవరు చింపేశాం కాబట్టి వాపసు లేదు. రెండోసారి నీళ్లు కారుతున్న పాతదాన్ని సంచిలో వేసుకుని వెళ్లాడు. షాపువాడు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంది సార్, మల్లెపూల వాసనొస్తాంది?" అన్నాడట.

ఆలోపు నేను ఇంజిన్‌కు పోయే గొట్టం మూతిని శుభ్రమైన గుడ్డతో మూసి, డబ్బాను తడిగుడ్డతో తుడిచి, పొట్టంతా ఏరేశాను. కొత్త ఫిల్టర్ రబ్బరు అంచు గాడిలో కూర్చునేదాకా నొక్కి, గొట్టానికి కుక్కిన గుడ్డ గుర్తుపెట్టుకుని తీసి, మూత పెట్టాం. మూడు క్లిప్పులు బిగించాం. నాలుగోదాని కోసం పెద్దాయన అయస్కాంతం తెచ్చి ఇంజిన్ కిందంతా గాలించాడు. దొరకలేదు. అలసిపోయి కాఫీ తాగుదామని చిన్నాన్న మంచం మీద కూలబడ్డాడు, వెంటనే "అమ్మా!" అని లేచాడు. పొద్దుటినుంచీ అది ఆయన లుంగీ మడతలోనే ఉంది. స్కూటర్ మీద షాపుకు రెండుసార్లు వెళ్లొచ్చింది కూడా.

బండి స్టార్టయింది. పొగ లేదు. అందరూ చప్పట్లు కొట్టబోతుంటే మీటర్లో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది. చిన్నాన్న ముఖం పాలిపోయింది. ఇక పంతం పక్కనపెట్టి మెకానిక్‌కు ఫోన్ చేశాడు. అతనొచ్చి, వేలాడుతున్న సెన్సర్ వైరును 'టక్' మని గుచ్చి, ఏదో మెషిన్ పెట్టి లైటు ఆర్పాడు. మమ్మల్నందరినీ ఒకసారి చూశాడు గానీ, మర్యాదస్థుడు, ఏమీ అడగలేదు.

వెళ్తూ వెళ్తూ అరుగు మీదున్న కొత్త ఏసీ ఫిల్టర్‌ను చూసి, "ఇదెట్లాగూ తెచ్చినారు కదా సార్, మార్చేద్దునా?" అన్నాడు.

"మార్చు నాయనా," అంది చిన్నమ్మ బకెట్ దగ్గరికి జరుపుకుంటూ, "ఆ పాతది మాత్రం ఇట్లా ఇయ్యి."